కారునకు మైనపుపూత

మన అమ్మమ్మల కాలమున నుదుట కుంకుమ దిద్దుకొనుటకు ముందు, వ్రేలికొనతో రవంత మైనము నద్దుకొనెడి ఆచార ముండెను. అద్దము, దువ్వెన, కుంకుమభరిణలతోపాటు చిన్న మైనపుబిళ్లయు వారి పెట్టెలో నొక మూల నుండెడిది. ఆ మైనము రెండు పనులు చేసెడిది. కుంకుమపొడిని పట్టి నిలుపుట యొకటి. వంటయింటి వేడిమికి పట్టిన చెమట ఆ బొట్టును కరగించి కనుబొమల మీదికి దించకుండ కాచుట రెండవది. ఆ ముత్తైదువులకు రసాయనశాస్త్రము తెలియదు. కాని నీటికిని మైనమునకును పొత్తు కుదరదన్న సంగతి వారికి చక్కగ తెలియును.

నేడు మన యిండ్లలో మైనపుబిళ్లలు కనుమరుగైనవి. తిలకములును, అంటించుకొను బొట్టుబిళ్లలును వచ్చినవి. అయినను మైనము మన వాకిటిని విడువలేదు. అది యిప్పుడు డబ్బీలలోను సీసాలలోను వచ్చి మోటారు కారు మీదికి చేరినది. కారు కొన్న ప్రతి యింటివారికిని “వ్యాక్స్ వేయించండి” అని సలహా చెప్పువారు కొల్లలుగ నున్నారు. అది యేమి చేయునో, యేమి చేయజాలదో విడమరచి చెప్పువారు మాత్ర మరుదు. ఆ తెలియమివలన మేము ధనమును పోగొట్టుకొంటిమి. అంతకంటె విచారింపదగిన దేమనగా, తప్పు చేయని యొక పేదవానిని నిందించితిమి. ఆ యనుభవమును, పిదప తెలిసికొనిన సంగతులను సోదరీమణులతో పంచుకొందమని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఒక వాననాటి సందేహము

మేము హైదరాబాదులో నాలుగంతస్తుల మేడలో కాపుర మున్నాము. 2017వ సంవత్సరమున, అయిదేండ్ల వాయిదాలకు ఒప్పుకొని, బ్యాంకు అప్పుతో ముదురు నీలపురంగు కారు నొకదానిని కొంటిమి. కొన్న మూడవయేట శ్రావణమాసమున నొకనాటి యుదయము చినుకులు పడి వెలిసినవి. మా కారును, ప్రక్కవాటావారి కారును చెట్టుక్రింద ప్రక్కప్రక్కనే నిలిచియుండెను. వారి కారు మీద నీరు ముత్యములు చల్లినట్లు గుండ్రని బొట్లై నిలిచినది. మాదాని మీద నీరు పలుచని పొరయై, ఎక్కడికక్కడ అంటుకొని పోయినది. రెండును ఒకేయేట కొన్న కార్లు. ఒకే వానలో తడిసినవి. ఈ భేద మేల యని మాకు సందేహము కలిగినది. ప్రక్కవాటా యిల్లాలి నడుగగా, “రెండు మూడు నెలల కొకసారి మైనము పూయుదుము వదినగారూ, అంతకంటె రహస్య మేమియు లేదు” అనినది.

అంతియేనా యని మేము నవ్వుకొంటిమి. కాని ఆ చిన్న మాట వెనుక చాల సంగతి యున్నది.

నీరు ముత్య మెట్లగును?

నీటిలోని అణువులు ఒకదాని నొకటి బలముగ లాగికొనుచుండును. లోపలనున్న అణువును అన్ని వైపులనుండియు తోడివి లాగుచుండగా, పైతట్టున నున్న అణువునకు పైనుండి లాగునవి లేవు. కావున అది లోనికే లాగబడును. అందుచేత నీటి పైభాగము బిగించి కట్టిన పలుచని తెఱవలె ప్రవర్తించును. దీనిని తలతన్యత యందురు. నీటిబొట్టు తనంత తాను గుండ్రన గుట యందువలననే. ఏ రూపముకంటెను గోళమునకే పైవైశాల్యము తక్కువ గదా!

ఈ తలతన్యతను కొలుచు విద్యకు పునాది వేసినవారిలో నొక స్త్రీ యున్నదనియు, ఆమె ప్రయోగశాల వంటయిల్లేయనియు తెలిసి మే మెంతయు సంతసించితిమి. ఆమె పేరు ఆగ్నెస్ పాకెల్స్. 1862లో జన్మించి, జర్మనీదేశమున బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున పెరిగినది. ఆ కాలమున అచ్చటి విశ్వవిద్యాలయములలో స్త్రీలకు ప్రవేశము లేకుండెను. వ్యాధిగ్రస్తులైన తలిదండ్రులకు సేవ చేయుచు, ఇంటిపని చక్కబెట్టుచు, గిన్నెలు కడుగు నీటిమీద జిడ్డు తేలినపు డేమి జరుగుచున్నదో ఆమె గమనించినది. రేకుతొట్టి, దాని కడ్డముగ నొక రేకుబద్ద, చిన్న త్రాసు — ఇవియే ఆమె పరికరములు. నీటిమీద రవంత నూనెయో, మలినమో చేరినచో ఆ తెఱ బిగువు ఎంత సడలునో ఆమె లెక్కకట్టినది. 1891లో ఈ సంగతుల నన్నిటిని ఇంగ్లండులోని రేలీ ప్రభువునకు జాబుగ వ్రాయగా, ఆయన దానిని ఆంగ్లమున తర్జుమాతో ‘నేచర్’ పత్రికకు పంపెను. ఆ పత్రిక దానిని ఆ సంవత్సరమే మార్చి నెలలో ప్రకటించెను. ఆమె తొట్టినే మెఱుగుపరచి పరిశోధనలు సాగించిన లాంగ్ముయిర్ అను అమెరికా శాస్త్రజ్ఞునకు 1932లో నోబెల్ బహుమానము వచ్చినది. అదే యేట ఆమెకు బ్రౌన్‌ష్వైగ్ విద్యాలయమువారు గౌరవ డాక్టరు బిరుదు నిచ్చిరి. అప్పటి కామె డెబ్బది యేండ్ల వృద్ధురాలు.

ఇక మన కారు సంగతికి వత్తము. నీటిబొట్టు ఒక తలముమీద పడినపుడు రెండు ఆకర్షణలు పోటీపడును. నీరు నీటిని లాగుట యొకటి. ఆ తలము నీటిని లాగుట రెండవది. శుభ్రమైన గాజు నీటిని గట్టిగ లాగును గనుక దానిమీద బొట్టు పరచుకొని పలుచనగును. మైనము అట్లు కాదు. కర్బన, ఉదజని పరమాణువులు పొడవైన గొలుసులుగ నల్లుకొన్న పదార్థ మది. నీటిని లాగుకొను గుణము దానికి మిక్కిలి తక్కువ. కావున దానిమీద పడిన నీరు తన్ను తానే పట్టుకొని ముద్దగట్టును. బొట్టు అంచు తలమును తాకిన చోట నేర్పడు కోణమునుబట్టి ఈ బలాబలములను కొలువవచ్చునని తామస్ యంగ్ అను ఆంగ్లేయుడు 1805లోనే చెప్పెను. శుభ్రమైన గాజుమీద ఆ కోణము దాదాపు సున్న. మైనముమీద నూరు డిగ్రీలకు పైబడి యుండును.

తామరాకుమీద నీటిబొట్టు మన సామెతలలోనే యున్నది. అది కారుమీది మైనముకంటెను ఘనమైనది. ఆ యాకుమీద నీటికోణము నూటయేబది డిగ్రీలకు మించును. జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులగు బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనువారు 1997లో దీని మర్మమును వివరించిరి. తామరాకుమీద కంటి కగపడని సన్నని బొడిపెలు, వానిమీద ఇంకను సన్నని మైనపు పలుకులు ఉన్నవి. బొట్టు ఆ కొనలమీద మాత్రమే యానుకొని, క్రింద గాలి యుండగా తేలినట్లుండి, ఏమాత్రము వంచినను దొరలిపోవును. దొరలుచు దుమ్మునుకూడ మోసికొని పోవును. మన పెరటిలోని చేమాకుమీదను ఇదే వింత చూడవచ్చును.

కారుమీద మైనము పూసినంత మాత్రమున కారు తామరాకు కాదు. మైనపుపూత నున్ననిది, దానికి బొడిపెలు లేవు. కావున నీరు ముత్యముగ నిలుచును గాని, కారు కదలి గాలి తగిలిన గాని, తుడిచిన గాని పూర్తిగ పోదు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది.

నీటిని తోయు ఈ గుణమును మన తెలుగునాట వృత్తిపనులవారును ఏనాడో వాడుకొనిరి. పూర్వము కోరమాండల్ తీరమునుండి ఓడలెక్కి పోయిన అద్దకపు బట్టలపై, నీలిరంగు అంటరాని చోటులను కరగిన మైనముతో కప్పి, పిదప బట్టను నీలితొట్టిలో ముంచెడివారు. మైన మున్నచోట రంగునీరు ఇంకదు. ఆ పనితనమే బట్టకు అందమైనది.

మైన మెక్కడిది?

కారు మైనములలో మిక్కిలి పేరుగన్నది కార్నౌబా. ఇది ఈశాన్య బ్రెజిలులో, అనగా సియారా, పియావీ మొదలగు మెట్టరాష్ట్రములలో పెరుగు ఒక తాటిజాతి చెట్టు. దాని యాకులు మన తాటియాకులవలె విసనకఱ్ఱ ఆకారమున నుండును. అచ్చట నెలల తరబడి వాన లుండవు. తనలోని తడి ఎండకు పోకుండ ఆ చెట్టు ఆకులమీద మైనపుపొర నల్లుకొనును. ఆ యాకులను కోసి, ఎండబెట్టి, బాదినచో మైనము పొడిగ రాలును. దానిని కరగించి, వడపోసి, బిళ్లలు చేయుదురు. మిఠాయిలమీదను, మందుబిళ్లలమీదను తళతళలాడు పూతయు పలుమారు ఇదియే. ఎండనుండి ఆకును కాచిన పదార్థమే, ఎండలో నిలిచిన కారును చేరినదన్నమాట.

ఆ తోటలలో కూలీలను బానిసలవలె పనిచేయించిన యుదంతములు ఈ శతాబ్దమున బ్రెజిలు ప్రభుత్వపు తనిఖీలలో బయటపడినవి. తళతళలాడు వస్తువు వెనుక ఎవరి చేతులో పనిచేసి యుండునని మనము మఱువరాదు. ఈ మాట మా కథలోను అక్కఱకు వచ్చును.

తేనెపట్టునుండి వచ్చు మైనము సుమారు 62 మొదలు 64 డిగ్రీల వేడిమికే కరగును. కార్నౌబా 82 డిగ్రీలు దాటిన గాని కరగదు. మన వేసవిలో ఎండన నిలిచిన ముదురురంగు కారు పైకప్పు చేయి యానింపరానంతగ కాగును; 70 డిగ్రీల దాకను పోగలదు. కావున మన దేశమున కార్నౌబాకు విలువ హెచ్చు. కాని అది రాయివలె గట్టిది. తానుగ పూయుటకు రాదు. అందుచే నూనెలును, ఆవిరియై పోవు ద్రవములును కలిపి మెత్తని లేపముగ చేసి యమ్ముదురు. పూసిన పిమ్మట ఆ ద్రవము ఆవిరై, తెల్లని మసక కమ్మును. దానిని మెత్తని గుడ్డతో తుడువగా, కంటి కగపడని పలుచని పొర మాత్రము మిగులును. డబ్బీలో నున్నదంతయు కారుమీద నిలుచునని యనుకొనరాదు. ఎంత దట్టముగ పూసినను మిగులునది అంతియే, తక్కినది గుడ్డపాలగును.

రంగు ఎంత మందము?

కారు రేకుమీద నున్నది ఒక్క రంగు కాదు, నాలుగు పూతలు. మొదట తుప్పు పట్టకుండ విద్యుచ్ఛక్తి సాయమున అంటించిన పూత, దానిపై అస్తరు, దానిపై మనము చూచు రంగు, అన్నిటికంటె పైన గాజువంటి పారదర్శకమైన పూత. మెఱపు ఈ కడపటిదానిదే. దీనినే పనివారు క్లియర్ కోట్ అందురు. ఈ నాలుగును కలిసి సుమారు నూరు మొదలు నూటయేబది మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవవంతు. పై పారదర్శకపు పూత మాత్రము నలుబది, ఏబది మైక్రానులు. మనము చదువు వార్తాపత్రిక కాగితముకంటెను అది పలుచన! లక్షలు పోసి కొన్న కారు సొగసంతయు ఆ కాగితమంత పొరమీద నాధారపడి యున్నది.

ఆ పొరకు శత్రువులు పలువురు. కాకులు, పావురములు వేసిన రెట్టలో యూరికామ్లము కలదు. ఎండకు రంగు వెచ్చబడి మెత్తనైనపుడు అది ఎండి బిగిసికొని మచ్చ వేయును. చెట్లనుండి కారు జిగురు మఱియొకటి. బోరునీటిలో సున్నపు లవణము లుండును. బొట్టు ఎండినచో నీరు పోయి, లవణము తెల్లని వలయమై మిగులును. వీని కన్నిటికిని మైనపుపొర ముందు తగులును. మచ్చ పడవలసిన చోట మైనము తాను చెడి, క్రిందిదానిని కొంత కాచును. మైనము జారుడు గలది గనుక మురికియు గట్టిగ పట్టుకొనదు. కొద్ది నీటితోనే వదలును. ఇదియే దాని ముఖ్యమైన మేలు. పాతబడిన కొలది అరిగిపోవుట దాని దోషము కాదు, దాని ధర్మమే. కావుననే మరల మరల పూయవలసియున్నది.

అది చేయజాలని పనులను గూడ చెప్పవలెను. రాయి తగిలి రంగు లేచిపోయిన చోట మైనము తుప్పును ఆపజాలదు; అచ్చట రంగే వేయింపవలెను. లోతైన గీతను అది పూడ్పజాలదు. కొంతకాలము కనబడకుండ చేయవచ్చును, అంతియే. ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి కారును కాచునది ముఖ్యముగ పారదర్శకపు పూతలో కలిపిన మందులే గాని, మైనము చేయు సాయము స్వల్పము. ఎండనుండి కాపాడవలెనన్న నీడయే మేలు.

మా తప్పు

ఇక మా కథ. మా మేడ వాచ్‌మన్ తెల్లవారకముందే లేచి, నెలజీతముమీద ఎనిమిది కార్లను తుడిచెడివాడు. నీటి కఱవు గనుక కారునకు ఒక్క బకెట్టు నీరే యని అందఱము కలిసి నియమము పెట్టియుంటిమి. తుడుచుటకు గుడ్డ మే మిచ్చినదే. పాత తువ్వాలు, ఒక వైపు అంచు కుట్టినది. మూడేండ్లు గడచునప్పటికి కారు ముందరి బానెట్టు ఎండలో చూచినచో సాలెగూడు పఱచినట్లు సన్నని గీతలతో నిండిపోయినది. మాకు కోపము వచ్చినది. అతనిని పిలిచి, “ఏమయ్యా, బండి నిట్లు పాడుచేసితివేమి?” యని నలుగురిలో గద్దించితిమి.

అతడు తల వంచుకొని, “నేనేం చేసేదమ్మా, మీరిచ్చిన గుడ్డే కదా. ఒక్క బకెట్టులో మట్టంతా అందులోనే ఉంటది” అనినాడు. ఆ మాటను మేము ఎదురు చెప్పుటగ నెంచితిమి గాని, నిజమని తెలిసికొనలేదు.

పిమ్మట కారును మెఱుగు పెట్టు దుకాణమునకు పంపితిమి. రెండు గంటలలో అద్దమువలె చేసి యిచ్చిరి. మేము మురిసిపోయితిమి. ఆరు నెలలకు మరల గీతలు, మరల దుకాణము. మూడవసారి “ఇది జీవితాంత ముండు పూత” అని చెప్పి హెచ్చు ధనము తీసికొనిరి. అటుపిమ్మటి వేసవిలో బానెట్టు అంచున రంగు వెలిసి, పొట్టు లేచినట్లు తెల్లబడినది. వేఱొక చోటికి తీసికొనిపోగా, అచ్చటి పనివాడు రంగుమందమును కొలుచు చిన్న యంత్రమును ఆనించి చూచి, “ఇక్కడ పైపూత మిగల్లేదు మేడమ్. రుద్ది రుద్ది తీసేశారు. మళ్లీ రంగు వేయించడమే” అనినాడు.

అప్పుడు గాని మాకు తెలియలేదు: మెఱుగు పెట్టుట వేఱు, మైనము పూయుట వేఱు. పాలిష్ అను లేపములో కంటి కగపడని గరుకుపొడి యుండును. అది గీతచుట్టు నున్న పూతను అరగదీసి చదును చేయును గనుక గీత కనబడదు. మైన మట్లు అరగదీయదు, పైన చేరును. ఒకటి తీయునది, మఱియొకటి కలుపునది. గిల్టు నగను చింతపండుతో తోమినచో మొదటిసారి మెఱయును. పదవసారి క్రింది రాగి బయటపడును. కాగితముకంటె పలుచనైన పూతను మూడుసార్లు యంత్రముతో రుద్దించి, మేమును అదే చేసితిమి. గీతలు పడుటకు మొదటి కారణమో, దుమ్ముమీద రుద్దిన గుడ్డ. మన వీధుల దుమ్ములో ఇసుక పలుకు లుండును. అవి రంగుకంటె గట్టివి. ఒక్క బకెట్టులో ముంచి ముంచి తీసిన గుడ్డ ఆ పలుకులనే కారంతట తిప్పును. వాచ్‌మన్ చెప్పిన మాటయే శాస్త్రమని అప్పుడు గ్రహించితిమి.

బానెట్టునకు మరల రంగు వేయించితిమి. దాని కైన ధనము ఒక నెల వాయిదాను మించినది. ఆ ధనము పోయిన దానికంటె, ఆ యుదయము నలుగురిలో అతనిని మేమన్న మాట మా మనస్సున హెచ్చుగ నొచ్చినది. గద్దించినది నలుగురిలో గనుక, “తప్పు మాది” యని నలుగురిలోనే అతనితో చెప్పితిమి. అతడు సిగ్గుపడి, “పోనిద్దురూ అమ్మా” అనినాడు.

చేయవలసిన విధము

నేడు మేము పాటించు పద్ధతిని చెప్పెదము. ఖర్చు కొద్ది; ఓపిక కావలెను.

మొదట కారును పొడిగుడ్డతో ఎన్నడును తుడువరాదు. ముందు నీరు చల్లి దుమ్మును వదలనీయవలెను. బకెట్లు రెండుండవలెను: ఒకదానిలో కార్లకై యమ్ము షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో గుడ్డను జాడించుటకు మంచినీరు. గిన్నెలు తోము సబ్బు వలదు. అది జిడ్డును వదల్చుటకు పుట్టినది గనుక మైనమునుగూడ వదల్చును. కప్పునుండి క్రిందికి తుడువవలెను. చక్రములకు వేఱు గుడ్డ యుంచవలెను. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు మేలు. నేల పడిన గుడ్డను ఉదికిన గాని మరల వాడరాదు.

మైనము పూయుటకు కారు బాగుగ ఆరి, నీడన చల్లగ నుండవలెను. ఎండలో పూసినచో ద్రవము వెంటనే ఎగిరిపోయి మైనము బిగుసుకొని మచ్చలు కట్టును. వ్రేలికొనలకు చాలినంత మైనమును మెత్తని దూదిబిళ్లమీద తీసికొని, ఒక్కొక్క పలకకు పలుచగ పూసి, మసక కమ్మినంతనే వేఱొక శుభ్రమైన గుడ్డతో తుడిచివేయవలెను. నల్లని ప్లాస్టిక్ అంచులకు తగులనీయరాదు. తెల్లని చారలు మిగిలి త్వరగ వదలవు. ముందటి అద్దమునకును పూయరాదు. మన ఎండలకు ఈ పూత కొన్ని వారములు మొదలు రెండు మూడు నెలల వఱకు నిలుచును. నేడు సిరామిక్ కోటింగ్ అను పేర ఇసుకజాతి పదార్థముతో వేయు పూతలు మైనముకంటె హెచ్చుకాలము నిలుచును. కాని అవియు అరుగును. జీవితాంతము నిలుచు పూత యేదియు లేదు. అట్లు చెప్పువారి మాట నమ్మి ధన మియ్యరాదు.

పక్షిరెట్ట పడినచో ఆనాడే తీయవలెను. గీకరాదు, తడిగుడ్డను దానిమీద కొన్ని నిమిషము లుంచి, నానిన పిమ్మట ఎత్తివేయవలెను. కడిగిన తరువాతను, వాన వెలిసిన తరువాతను ముత్యములను చూచి మురిసి ఊరకుండరాదు. పైన చెప్పినట్లు కారు తామరాకు కాదు. ఆ బొట్లు అక్కడనే ఎండినచో, బోరునీరైన లవణపు వలయములును, వాననీరైన దుమ్ము మచ్చలును మిగులును. మెత్తని గుడ్డ నానించి తడి నద్దవలెను.

మైనము అరిగినదని తెలిసికొనుటకు గుర్తు నీరే. కడిగి శుభ్రపఱచిన కారుమీద నీరు గుండ్రన గాక పఱచుకొని నిలిచినచో మరల పూయవలసిన సమయము వచ్చినదన్నమాట. మురికిపట్టిన కారుమీద మాత్ర మీ పరీక్ష చెల్లదు. మైనమున్నను మురికి దానిని కప్పును.

ఇవన్నియు మా యింట ఇప్పుడు అలవాటైనవి. మేడలోని వారమంద ఱొకనాడు కూర్చుండి, కారునకు రెండు బకెట్ల నీరును, ఇంటింటికి నాలుగు మంచిగుడ్డలును, వాచ్‌మన్ జీతమున కొంత హెచ్చును ఏర్పఱచితిమి. నీరు హెచ్చగునని కొందఱు సందేహించిరి. కాని మైనమున్న కార్లకు మురికి సుళువుగ వదలుచుండుటచే, వారమున కొకటి రెండుసార్లు కడుగుటయే చాలుచున్నది. దినదినమును పొడిగ తుడుచు పని తప్పినది.

మొన్నటి వానకు తెల్లవారుజామున తలుపు తట్టిన చప్పుడైనది. తీసి చూడగా వాచ్‌మన్. “అమ్మా, ఒక్కసారి కిందికి వచ్చి చూడండి” అనినాడు. ఏమి కీడు మూడినదో యని ఆదుర్దాతో దిగిపోతిమి. కీడేమియు లేదు. రంగు వేయించిన ఆ బానెట్టుమీద వానబొట్లు ఒత్తుగ, గుండ్రముగ, దీపపు వెలుతురులో మెఱయుచు నిలిచి యున్నవి. మైనము పూసినది అతడే. మేము చూచినంతసేపు చూచి, చెరియొక గుడ్డ తీసికొని తడి నద్దుటకు మొదలుపెట్టితిమి.